కళ్ళకలకే అని ఎవరన్నారు?

ఎర్రబడ్డ కన్ను చూపించి ఎవరైనా "కళ్ళకలకేనండీ, అందరికీ ఉంది కదా" అంటే నాకు వెంటనే అనుమానం వస్తుంది. ఆ మాటలో "అందరికీ" అన్న ముక్క మీద మరీ అనుమానం. అందరికీ ఉన్నదే నీకూ ఉందని నీకెవరు చెప్పారు? ఊరంతా జలుబు ఉన్న రోజున నీకొచ్చిన దగ్గు కూడా జలుబే అయి తీరాలని రాసిపెట్టి ఉందా?

నేను డాక్టర్ని కాను. బీఎస్సీ చదివి, ఆ తరవాత కళ్ళ కోర్సు చేసి, సర్కారు ఆసుపత్రుల్లో ఆఫ్తాల్మిక్ ఆఫీసర్‌గా పనిచేశాను. చూపు పరీక్షించి కళ్ళద్దాలు రాయడం, శుక్లాలున్నవాళ్ళని ఏరి ఆపరేషన్‌కి పంపడం, చిన్న జబ్బులకి చుక్కల మందు ఇవ్వడం, పెద్ద జబ్బుని పసిగట్టి పెద్దాసుపత్రికి తోలడం. ఇదీ ఉద్యోగం. జనం "కళ్ళ మేడం" అనేవాళ్ళు. నడుం నొప్పి వల్ల గడువు కంటే ముందే విరమణ తీసుకున్నాను. నడుం నొప్పే. వేరే కారణం ఏదో ఉందని మా పాత ఆఫీసులో ఎవరైనా చెబితే వాళ్ళ పేరు నాకు పంపండి, మాట్లాడతాను.

ఇప్పుడు అదే కోర్సు చదివి ఉద్యోగంలో చేరుతున్న పిల్లలు ఫోన్ చేసి "మేడం, టిప్స్ ఏమైనా చెప్పండి" అంటున్నారు. నా దగ్గర టిప్స్ లేవు. రెండు తప్పులున్నాయి. రెండూ కళ్ళకలక దగ్గర చేసినవే. శుక్లాల దగ్గర, నీటికాసుల దగ్గర తప్పు చేయకుండా అంత జాగ్రత్తగా ఉన్నదాన్ని, చంటిపిల్లల తల్లులు కూడా గుర్తుపట్టే జబ్బు దగ్గర బోల్తాపడ్డాను. ఎందుకంటే దాన్ని ఎవరూ జబ్బుగా లెక్కచేయరు. మీరూ లెక్కచేయరు. చూస్తూ ఉండండి.

తొమ్మిదో పిల్ల

మొదటి తప్పు ఇబ్రహీంపట్నం వైపు పనిచేసే రోజుల్లోది. అప్పుడు మా పైన ఒక కళ్ళ డాక్టరుగారు ఉండేవారు. పొట్టి మనిషి, ఎప్పుడూ చిరాకు. ఆయనకి లోకంలో ఎవరి మీదా నమ్మకం ఉండేది కాదు. వెల్డింగ్ పనివాళ్ళు పొద్దున్నే ఎర్రటి కళ్ళతో వచ్చి "కళ్ళకలక సార్" అనేవాళ్ళు. ఆయన వాళ్ళ చొక్కా చేతుల మీద నిప్పురవ్వలు పడి కాలిన చిల్లులు చూసి, "కళ్ళకలకకి చొక్కా ఎందుకు కాలిందిరా? అద్దం పెట్టుకోకుండా వెల్డింగ్ చేశావని చెప్పు" అనేవారు. అద్దం పెట్టుకోలేదని తెలిస్తే కాంట్రాక్టరు పనిలోంచి తీసేస్తాడని వాళ్ళ భయం. అందుకని కళ్ళకలక పేరు చెప్పేవాళ్ళు. అది మర్యాదైన జబ్బు. ఎవరి తప్పూ ఉండదు.

ఒక వానాకాలం నేనొక బడిలో పిల్లల కళ్ళు పరీక్షించాను. వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి కింది రెప్ప నా బొటనవేలితో లాగి చూడటం. వందమందికి పైనే. కుళాయి బడి వెనకాల ఉంది. ప్రతి పిల్లకీ లేచి అంతదూరం ఎవరు వెళ్తారు? ఒక్కసారి కూడా చెయ్యి కడుక్కోలేదు.

నాలుగో రోజుకి సగం బడి కళ్ళు ఎర్రబడ్డాయి. హెడ్మాస్టరు కబురు పంపాడు. నేను మా డాక్టరుగారితో ఎంతో తెలిసినదానిలా "వానలు కదా సార్, గాలి బాగాలేదు" అన్నాను.

"రిజిస్టరు పట్రా" అన్నారాయన.

నేను చూసిన వరసలోనే పేర్లు రాసి ఉన్నాయి. ఎవరికి వచ్చిందో హెడ్మాస్టరు రాసి పంపిన కాగితం పక్కన పెట్టుకుని, వేలితో ఒక్కో పేరూ కిందికి దిగుతూ వచ్చారు. మొదటి ఎనిమిదిమందికీ ఏమీ లేదు. తొమ్మిదో పిల్లకి ఉంది. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చేటప్పటికే కళ్ళు నలుపుకుంటూ ఉన్న సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. పదో పేరు దగ్గర్నించి కిందికి, టిక్కులే టిక్కులు.

"వాన తొమ్మిదో పిల్ల దగ్గర మొదలైందా అమ్మా?" అన్నారు.

ఆ రోజు నుంచి చేతులు కడుక్కోవడం నాకు పిచ్చిలా పట్టుకుంది. మా ఇంట్లో వాళ్ళు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. చేసుకోనివ్వండి.

చూపుతో అంటుకోదు

అసలు జబ్బు సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాను. మీరు కోర్సులో చదివే ఉంటారు గానీ, జనానికి చెప్పేటప్పుడు నోరు తిరగదు.

వానాకాలంలో ఊళ్ళు చుట్టేసే కళ్ళకలక చాలామట్టుకు వైరస్ వల్ల వచ్చేది. ఒక కంటితో మొదలై ఒకటి రెండు రోజుల్లో రెండోదానికీ వస్తుంది. ఇసుక పడ్డట్టు గరగర, నీళ్ళు, పుసి, పొద్దున లేచేసరికి రెప్పలు అంటుకుపోవడం. వారం, మహా అయితే రెండు వారాలు. మందు వేసినా వేయకపోయినా ఎక్కువ భాగం దానంతట అదే పోతుంది. మనం ఇచ్చే చుక్కలు వైరస్‌ని చంపవు. ఈ మాట రోగితో చెప్పడానికి మన వాళ్ళకి ధైర్యం చాలదు, మరి సర్కారు సీసా ఎందుకిచ్చినట్టని అడుగుతారని. అడగనివ్వండి. చల్లటి నీళ్ళలో ముంచిన శుభ్రమైన గుడ్డ, విడి తువ్వాలు, విడి దిండుగలీబు, కడిగిన చేతులు. మందు కంటే ఇవే ఎక్కువ పనిచేస్తాయి.

చూపుతో అంటుకోదు. మా చర్చిలో ఒకావిడ, చదువుకున్న మనిషి, టీచరు, కళ్ళకలక వచ్చినవాళ్ళని చూసి మొహం గోడవైపు తిప్పుకునేది. తిప్పుకుని, వాళ్ళు పట్టుకున్న పాటల పుస్తకమే తనూ పట్టుకుని పాడేది. నల్లద్దాలు వెలుతురు గుచ్చకుండా పెట్టుకునేవి, ఎదుటివాళ్ళని కాపాడేవి కావు. ఆ అద్దాలు తీసి ఇంకొకరికి ఇస్తే మాత్రం, మీరు అద్దాలతో పాటు జబ్బునీ ఇచ్చినట్టే.

నందివర్ధనం పూలు కళ్ళ మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, నిజమే. మూసిన రెప్ప మీద కాసేపు చల్లగా ఉండటం వరకే దాని పని. రసం పిండి కంట్లో పోశారంటే నా దగ్గరికి రావద్దు, సరాసరి పెద్దాసుపత్రికి పొండి. తల్లిపాలూ అంతే. పాలు పొట్టకి.

ఇక మెడికల్ షాపు. "తొందరగా తగ్గేది" ఇవ్వమని అడిగితే కొన్నిచోట్ల స్టెరాయిడ్ చుక్కలు చేతిలో పెడతారు. ఎరుపు రెండు రోజుల్లో మాయమవుతుంది. మాయమయ్యేది ఎరుపే. లోపల కంటి నల్లగుడ్డు మీద పుండు ఉంటే, ఆ మందు దానికి విందు. అందుకే చూసి చెప్పేవాళ్ళు లేకుండా ఆ చుక్కలు వేయకూడదు. ఈ మాట ఎన్నో ఏళ్ళు నేను మెడికల్ షాపుల మీద కోపంగా చెప్పాను. ఇప్పుడు కొంచెం మెల్లిగా చెబుతున్నాను. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

బారెడు దూరం

రెండో తప్పు మంగళగిరిలో, ఉద్యోగం చివరి రోజుల్లో. అప్పటికి నా అంత అనుభవం ఉన్నవాళ్ళు చుట్టుపక్కల లేరని నాకొక నమ్మకం. ఆ ఏడు కళ్ళకలక విరుచుకుపడింది. చేనేత వీధుల నుంచి ఇంటిల్లిపాదీ వచ్చేవాళ్ళు. నేను తొమ్మిదో పిల్లని మర్చిపోలేదు. అందుకని గొప్ప ఏర్పాటు చేశాను. నా బల్లకి బారెడు దూరంలో ఇంకో బల్ల వేయించాను. రోగులు దాని మీద కూర్చోవాలి. నేనెవరినీ ముట్టుకోను, ఎవరూ నన్ను ముట్టుకోరు. రెప్ప వాళ్ళే లాగి చూపించాలి. నేను అక్కడి నుంచే చూసి, సీసా బల్ల చివర పెడితే తీసుకుపోవాలి. మా డాక్టరుగారు బతికుంటే మెచ్చుకునేవారని కూడా అనుకున్నాను.

ఆ వరసలోనే ఆంజనేయులు వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి, గుంట మగ్గం నేసే మనిషి. సన్నగా, భుజం మీద తువ్వాలుతో. తువ్వాలు అంచుతో కుడికన్ను అద్దుకుంటున్నాడు.

"ఏ కన్ను?"

"కుడిదండి."

"ఎన్నాళ్ళయింది?"

"మూడు రోజులండి. మొన్న పడుగుకి గంజి పట్టించిన కాణ్ణుంచీ..."

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" నేను మధ్యలోనే అందుకున్నాను. వెనక ఇంకా యాభైమంది ఉన్నారు.

"ఉందండి. మా ఆడపిల్లలిద్దరికీ."

"ఇంకేం మరి. కళ్ళకలకే."

"నీళ్ళు ఒకటే కారతన్నాయి మేడం. పుసి మాత్రం లేదు."

"తొందరెందుకయ్యా, రేపటికి అదీ వస్తుంది" అన్నాను. వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు. సీసా తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సంభాషణ ఇంకోసారి చదవండి. ఆ మనిషి నాకు మూడు సంగతులు చెప్పాడు. ఒక్క కన్నే, మూడు రోజులైనా రెండోదానికి రాలేదు. పుసి లేదు. గంజి పట్టించిన రోజు నుంచి. మూడూ నేను వినలేదు. నేను అడిగింది ఒక్కటే ప్రశ్న, అదీ నాక్కావలసిన జవాబు వచ్చే ప్రశ్న. రోగులు నిజం దాస్తారని మనం ఊరికే వాళ్ళ మీద పడతాం గానీ, చాలాసార్లు వాళ్ళు చెప్పబోతుంటే మనమే నోరు మూయిస్తాం.

నా సొరుగులో సన్నటి కాగితం పట్టీలు ఉండేవి. నారింజరంగు అద్దిన పట్టీ. తడిపి కంటికి తాకించి నీలిరంగు లైటు వేస్తే, నల్లగుడ్డు మీద ఎక్కడ గీరుకున్నా అక్కడ పచ్చగా మెరుస్తుంది. ఒక్క నిమిషం పని. పొట్లం విప్పకుండా అలాగే ఉంది.

మగ్గం గుంట

అయిదో రోజు ఆంజనేయులు భార్య మల్లేశ్వరి ఒక్కతే వచ్చింది.

"మేడం, ఇంకో సీసా ఇవ్వండి."

"మీకిచ్చాను కదమ్మా?"

"పక్కింటోళ్ళు పట్టుకపోయారండి. ఆళ్ళ కాడ్నించి ఎనకింటోళ్ళు."

నాకు ఒళ్ళు మండింది. ఒకళ్ళ కంటికి తగిలిన సీసా మూతి ఇంకొకళ్ళ కంటికి తగిలితే జబ్బుని చేత్తో మోసుకెళ్ళి ఇచ్చినట్టే. పైగా నా బుద్ధి ఎటు పోయిందంటే, వీళ్ళు సీసాలు తీసుకెళ్ళి అమ్ముకుంటున్నారేమోనని. చెడామడా తిట్టాను. ఆమె తలవంచుకుని అంతా విని, చివరికి అంది.

"మీరు తిట్టేది నిజమేనండి. కానీ ఆయన వెలుతురుకి అస్సలు ఓర్చుకోలేకపోతన్నాడు. మగ్గం గుంటలోకి దిగి, మోకాళ్ళలో తల పెట్టుకుని కూచుంటన్నాడు. అన్నం కూడా అక్కడికే."

గుంట మగ్గం అంటే నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టుకుని, అంచు మీద కూర్చుని నేసేది. ఆ గుంతలోకి మనిషి దిగి ముడుచుకుని కూర్చున్నాడంటే, ఇంట్లో అంతకంటే చీకటిగా ఉన్న చోటు ఇంకోటి లేదన్నమాట. కళ్ళకలక వచ్చినవాడు కళ్ళు నలుపుకుంటాడు, విసుక్కుంటాడు, నల్లద్దాలు పెట్టుకుని టీకొట్టుకి పోతాడు. గుంతలో దాక్కోడు.

"పిల్లలకెలా ఉంది?" అన్నాను.

"ఆళ్ళకి తగ్గిపోయిందండి. బడికి పోతన్నారు."

టార్చి, పట్టీల పొట్లం సంచిలో వేసుకుని లేచాను. వరసలో ఉన్నవాళ్ళు గోల పెట్టారు. పెట్టనిచ్చి, మల్లేశ్వరిని ఎక్కించుకుని ఆటోలో వాళ్ళ వీధికి వెళ్ళాను.

మగ్గం మీద సగం నేసిన చీర ఉంది, జరీ అంచుది. గుంతలో ఆంజనేయులు. కుడికంటి మీద తడిగుడ్డ, దాని కింద నందివర్ధనం పూలు. నేను చేతులు కడుక్కుని, మగ్గం అంచున కూర్చుని, వంగి, మొదటిసారి ఆ మనిషి కన్ను దగ్గర్నించి చూశాను. టార్చి అక్కర్లేకుండానే కనిపించింది. నల్లగుడ్డు మీద ఆవగింజంత తెల్లమచ్చ. అంచులు దూది పీచులా లోపలికి పాకుతున్నాయి. పట్టీ తాకించి లైటు వేస్తే పచ్చగా వెలిగింది.

"ఏం తగిలింది కంట్లో?" అన్నాను.

ఆయన భార్యవైపు చూశాడు.

"చెప్పు. ఇప్పుడేగా అడిగింది" అంది ఆమె. ఆ "ఇప్పుడేగా" నాకు తగలవలసిన చోటే తగిలింది.

"కుంచె ఈనె కొట్టుకుందండి."

పడుగుకి గంజి పట్టించడం ఎప్పుడైనా చూశారో లేదో. వీధి పొడుగునా నూలు సాగదీసి కట్టి, గంజి పూసి, గడ్డివేళ్ళు, సన్నటి ఈనెలు కలిపి కట్టిన పెద్ద కుంచెని ఇద్దరు చెరోవైపు పట్టుకుని దువ్వుకుంటూ పోతారు. వాన ఎప్పుడొస్తుందోనని ఆ రోజు ఆదరాబాదరాగా చేశారు. గంజి కూడా ముందు రోజుది, పులిసింది. అవతలి కొస పట్టుకున్నది మల్లేశ్వరి తమ్ముడు శ్రీను. కుంచె మెలి తిరిగి ఈనె ఒకటి లేచి కంటికి కొట్టుకుంది.

"ఈనె తగలడం మాకు లెక్కలోది కాదండి. రోజూ ఉండేదే" అన్నాడు ఆంజనేయులు.

"అది కాదండి. మా తమ్ముడి పేరొస్తదని చెప్పలేదు. మా అత్త వింటే రెండిళ్ళ మధ్య మాటలుండవు" అంది మల్లేశ్వరి.

"మీ తమ్ముణ్ణి నేనేమన్నా అన్నానా?"

"అనలా. గుంటలో కూచుని చూస్తన్నావుగా, అది చాలదా?"

వాళ్ళు అలా అనుకుంటూ ఉంటే నేను మగ్గం పక్క అరలో ఇంకో చిన్న సీసా చూశాను. నేనిచ్చింది కాదు. ఊపి వేసే తెల్లమందు. లేబుల్ మీద పేరు చదవగానే అర్థమయింది. స్టెరాయిడ్.

"ఇది వేసిన రెండు రోజులూ హాయిగా ఉందండి. ఎరుపు కూడా తగ్గింది. తరవాత మళ్ళీ మొదలయింది" అన్నాడు.

ఈనె వెంట పులిసిన గంజిలోంచి కంట్లోకి వెళ్ళింది ఏదైనా, దానికి రెండు రోజులు విందు జరిగిందన్నమాట.

ఎవరన్నారు?

అదే ఆటోలో విజయవాడ తీసుకెళ్ళాం. గవర్నర్‌పేట దాటి ఒక పెద్ద కళ్ళాసుపత్రి. దారి పొడుగునా ఆంజనేయులు తువ్వాలు తలమీంచి కప్పుకునే ఉన్నాడు. వారధి దాటుతున్నప్పుడు ఒక్క మాట అడిగాడు.

"మేడం, దారం కనపడుద్దా?"

చూపు ఉంటుందా అని అడగలేదు. దారం. మగ్గం మీద పోగు తెగితే దాని కొస పట్టుకుని ముడేయాలి, అది వెంట్రుక కంటే సన్నం. నేను ఆటో అబ్బాయిని ఇంకొంచెం తొందరగా పోనివ్వమన్నాను.

అక్కడి డాక్టరమ్మ చిన్నది, మా పెద్దమ్మాయి వయసు. మచ్చ మీంచి కొద్దిగా గీకి మైక్రోస్కోపు కింద చూసింది. ఫంగస్ అంది. గంట గంటకీ చుక్కలు వేయాలి, వారాల తరబడి. లొంగకపోతే కన్ను లోపలికి తినేస్తుంది, అప్పుడు ఎవరో దానం చేసిన నల్లగుడ్డు పొర మార్చాలి, అదీ నిలుస్తుందని హామీ లేదు అని చెప్పింది. కాగితం మీద రాస్తూ తలెత్తకుండా అడిగింది.

"ఇన్ని రోజులు ఎందుకు ఆగారు? కళ్ళకలకే అని ఎవరన్నారు?"

సిగ్గు లేకుండా రాస్తున్నాను. నా నోటి నుంచి ముందు వచ్చిన మాట ఇది: "మెడికల్ షాపులో స్టెరాయిడ్ ఇచ్చారమ్మా. వీళ్ళని అసలు..."

మల్లేశ్వరి నా మాటకి అడ్డం వచ్చింది. కోపంగా కూడా కాదు, లెక్క సరిచేస్తున్నట్టు.

"షాపాయన ఊరికే ఇవ్వలేదండి. డాక్టరుకి చూపించారా, ఏం చెప్పారు అని అడిగాడు. మా కళ్ళ మేడం చూసి కళ్ళకలకే అన్నారని చెప్పాం. అయితే భయం లేదు, ఇది వేసుకోండి అని ఇచ్చాడు."

ఇన్నేళ్ళూ మెడికల్ షాపుల్ని అనుమానించాను, పూలని అనుమానించాను, పక్కింటివాళ్ళని, వానని, నల్లద్దాలని, సీసా కోసం వచ్చిన ఆడమనిషిని. నా నోటి మాటని మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు. ఆ స్టెరాయిడ్ చీటీ రాసింది నేనే. కాగితం మీద రాయలేదు, అంతే తేడా.

"నేనే అన్నానమ్మా" అన్నాను.

"దగ్గరగా చూశారా మేడం?"

"లేదు."

ఆ అమ్మాయి నన్ను తిట్టలేదు. "సరే" అని రాసుకుంటూ పోయింది. తిట్టి ఉంటే ఎదురు తిరిగి వాదించేదాన్ని, వాదనలో నేను ఓడిపోను. సరే అంటే ఏం వాదిస్తాం?

తరవాత నెలన్నర పాటు రోజు విడిచి రోజు, డ్యూటీకి ముందు వాళ్ళింటికి వెళ్ళాను. నా ఉద్యోగం మీదికి వస్తుందని వెళ్తున్నానని మల్లేశ్వరి మొదట్లో అనుకుంది. మొహం మీదే అంది కూడా. నేను కాదనలేదు, అందులో కొంత నిజం ఉంది. ఆమె గడియారం ముందు పెట్టుకుని గంట గంటకీ చుక్కలు వేసింది. శ్రీను తన మగ్గం ఆపుకుని వచ్చి బావ చీర పూర్తిచేశాడు. అత్తగారికి సంగతి ఎలాగూ తెలిసింది. రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు అన్నం పెట్టింది.

మచ్చ ముందు పాకడం ఆపింది. తరవాత చిన్నదయింది. చివరికి గాజు మీద ఊదిన ఆవిరిలా ఒక మసక మిగిలింది, అది ఇక పోదు. కుడికన్ను ఒక్కదానితో గోడ మీది అక్షరాల్లో పై మూడు వరసలు చదవగలడు. దారం కొస చూడలేడు. ఎడమ కన్ను ఉంది కాబట్టి నేస్తున్నాడు, మునుపటి వేగం లేదు. జరీ అంచు దగ్గర పోగు తెగితే మల్లేశ్వరి ముడేస్తుంది.

"ఇన్నాళ్ళూ నేను నేస్తే అది తప్పులెన్నేది. ఇప్పుడు అది ముడేస్తంటే నేనెన్నుతన్నా" అన్నాడు ఒకరోజు.

"కనపడితే కదా ఎన్నడానికి" అంది ఆమె.

ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. కన్ను దక్కిందని మా వాళ్ళు నన్ను ఓదార్చేవాళ్ళు. దక్కింది సగం. మొదటి రోజు బారెడు దూరం నడిచి ఉంటే, ఒక్క పట్టీ తడిపి ఉంటే, మొత్తం దక్కేది.

కాబట్టి మీకు చెప్పేది ఇదే. మొదటి తప్పు నుంచి నేను సగం పాఠమే నేర్చుకున్నాను. చేతులు కడుక్కోమన్నారు మా డాక్టరుగారు, దూరంగా కూర్చోమనలేదు. వరసలో ఒక్కొక్కరికీ లేచి కడుక్కోవడం బద్ధకమై దూరాన్ని కనిపెట్టాను, దానికి జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాను. కడుక్కోండి, దగ్గరికి వెళ్ళండి, చూడండి, మళ్ళీ కడుక్కోండి. నొప్పి ఉంటే, వెలుతురుకి ఓర్వలేకపోతే, చూపు మసకబారితే, ఒక్క కన్నే అయి ఉండి రోజులు గడుస్తుంటే, కంట్లో ఏదైనా తగిలిందంటే, కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్ళయితే, పుట్టి నెల కూడా కాని పసికందయితే, ఊరంతా కళ్ళకలక ఉన్నా సరే, అది కళ్ళకలక కాదనే మొదలుపెట్టండి. అవునని తేలితే సంతోషం.

లేవని మనిషి

మరుసటి వానాకాలం మళ్ళీ వచ్చింది కళ్ళకలక. నా బల్ల, రోగుల బల్ల దగ్గర దగ్గరగానే ఉన్నాయి. పక్కనే బకెట్టు, సబ్బు. కానీ మధ్యాహ్నం అయ్యేసరికి నడుం పట్టేసింది. ప్రతి ఒక్కరికీ లేచి వంగలేక, కూర్చున్న చోటి నుంచే చూడటం మళ్ళీ మొదలుపెట్టాను. మనిషి బుద్ధి అంత తొందరగా మారదు. నా బుద్ధి అసలే మొండి.

ఒక పడుచు వచ్చి కూర్చుంది. రెండు కళ్ళూ ఎర్రగా, రెప్పల నిండా పుసి. నాలుగు ప్రశ్నలడిగాను. నొప్పి లేదు, మసక లేదు, ఏమీ తగల్లేదు.

"కళ్ళకలకే. చేతులు కడుక్కుంటూ ఉండు, తువ్వాలు ఎవరికీ ఇవ్వకు. పో."

ఆమె లేవలేదు.

"ఏమ్మా?"

"టార్చి వెయ్యలేదు గదండి."

"ఎందుకు? బాగానే కనపడుతోందిగా."

"మా ఆంజనేయులు బాబాయి చెప్పాడండి" అంది బెదురు లేకుండా. "కళ్ళ మేడం మంచావిడే గానీ, దగ్గరకొచ్చి టార్చి వేసేదాకా బల్ల మీంచి లేవొద్దన్నాడు. మా వీధిలో అందరికీ చెప్పాడు."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నా నోటి దాకా ఒక మాట వచ్చింది, చాలా మంచి మాట, తగిలితే ఆ పిల్ల జన్మలో మర్చిపోనిది. మింగేశాను.

లేచి సబ్బుతో చేతులు కడుక్కున్నాను. ఆమె దగ్గరికి వెళ్ళి, వంగి, కుడికంట్లో టార్చి వేశాను. తరవాత ఎడమ కంట్లో. పట్టీ తడిపి రెండు కళ్ళకీ తాకించి, నీలి లైటు వేశాను. ఎక్కడా పచ్చ లేదు.

"కళ్ళకలకే" అన్నాను.

అప్పుడు లేచింది.